బ్యాండు టై

మాదాపూర్‌లో టై కట్టుకున్నవాళ్లు తలుపులు తీస్తారు, కట్టుకోనివాళ్లు లోపలికి వెళ్తారు. నమ్మకం కుదరకపోతే ఒక పొద్దున ఏ అద్దాల మేడ ముందైనా పది నిమిషాలు నిలబడి చూడండి. లక్షల జీతాలవాళ్లు గుండ్రమెడ టీషర్టుల్లో, మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్సుల్లో, రబ్బరు చెప్పుల్లో దర్జాగా నడిచి వస్తారు. వాళ్ల కారు డిక్కీ తెరిచి చూసేవాడి మెడలో టై. వాళ్ల బ్యాగు మిషన్ మీద పెట్టించేవాడి మెడలో టై. పైన వాళ్లకు కాఫీ అందించేవాడి మెడలోనూ టై. ఒకనాడు దొరతనానికి గుర్తుగా ఉన్న గుడ్డపీలిక చాకిరీకి గుర్తుగా ఎప్పుడు మారిందో ఎవరూ పట్టించుకోలేదు.

అలాంటి ఒక మేడ రెండో గేటు దగ్గర, ఆడవాళ్లను తనిఖీ చేసే తెర ముందు కిష్టమ్మ నిలబడేది. ఆమె మెడలో టై మాత్రం మిగతావాటిలాంటిది కాదు. ముదురు మెరూన్ రంగు, దాని మీద ఏటవాలుగా పసుపు చారలు, కింది భాగం ఐదు వేళ్ల వెడల్పు. నలభై ఏళ్ల కిందటి సరుకు. మిగతా గార్డుల మెడల్లో నల్లటి సన్నపీలికలు వేలాడుతుంటే, కిష్టమ్మ గుండెల మీద అది జెండాలా పరుచుకుని ఉండేది.

ఆమెకు ఏజెన్సీ ఇచ్చిన యూనిఫారం మగవాళ్లది. ఆడవాళ్లను గేటు దగ్గర నిలబెట్టాలన్న తెలివి ఉన్న ఏజెన్సీకి, ఆడవాళ్ల కొలతలకు బట్టలు కుట్టించాలన్న తెలివి లేకపోయింది. ఇప్పటి కుర్రాళ్ల మోజుకు తగ్గట్టు నడుము దగ్గర బిగించి కుట్టిన ఆకాశనీలం చొక్కా, పిక్కలకు అతుక్కుపోయే ముదురు నీలం ప్యాంటు. నలభై ఎనిమిదేళ్ల పొట్టి మనిషి కిష్టమ్మ. చొక్కా పక్కకుట్లు విప్పి తనే వదులు చేసుకుంది. ప్యాంటు అంచులు రెండు మడతలు వేసి కుట్టుకుంది. బూట్ల కొనల్లో పాత చీరముక్క కుక్కుకుంది. పన్నెండు గంటల డ్యూటీలో కూర్చోవడానికి కుర్చీ లేదు. గార్డు ఆడవాళ్లు వెళ్లాల్సిన టాయిలెట్ రెండంతస్తుల కింద, కార్లు పెట్టే చోట. ఒంటి మీద ఉన్న వాటన్నిటిలో ఆమెకు సరిగ్గా కుదిరింది ఆ టై ఒక్కటే. ఎందుకంటే దాన్ని రోజూ ఆమె మెడకు కొలిచి కట్టే మనిషి ఇంట్లో ఉన్నాడు.

పుప్పాలగూడ పాత ఊళ్లో, చుట్టూ లేచిన అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కున్న సందులో వాళ్లది ఒకే గది. పొద్దున ఐదింటికి బాలనర్సయ్య లేచేవాడు. ముఖం కడుక్కుని, ఒక ప్లాస్టిక్ డబ్బా మూత తీసి, నత్తగుల్లలా చుట్టి పెట్టిన టైని బయటికి తీసేవాడు. కిష్టమ్మ చొక్కా కాలరు ఎత్తుకుని గోడవార నిలబడేది.

“జర సక్కగ నిలవడే.”

“నిలవడ్డనే ఉన్న. నువ్వే ఊగుతున్నవ్.”

“నేను ఊగుతలేను. నీకు ఎత్తు లేదు, నేను వంగుతున్న.”

“ముప్పై ఏండ్ల సంది లేని ఎత్తు ఇయ్యాల ఏడికెల్లి తేవాలె?”

ఆ పది నిమిషాలు ఇద్దరికీ ఇదే ముచ్చట. పక్కింటి బుచ్చమ్మ నీళ్ల బిందెతో గుమ్మం ముందు ఆగి రోజూ నవ్వేది. “ఎవలైనా మెడల ముడి ఒక్కసారే ఏస్తరు. నీ మొగడు దినాం ఏస్తున్నడు గదనే కిష్టా!” అనేది. కిష్టమ్మకు సిగ్గు వచ్చేది. బాలనర్సయ్య మాత్రం ముడి మీదినుంచి చూపు తిప్పేవాడు కాదు.

అతను క్లారినెట్ వాయించేవాడు. పదహారో ఏట లంగర్‌హౌజ్‌లో ఖాజా మాస్టర్ పెళ్లి బ్యాండులో చేరాడు. మాస్టరు మొదట నేర్పింది పాట కాదు, టై కట్టడం. “బాజా పట్టినోడు బేకార్‌గ కనవడొద్దు బేటా” అని చెప్పి, తన చేత్తో ఈ మెరూన్ టైని కట్టి చూపించాడట. అప్పటి చొక్కాలకు కుక్కచెవుల్లాంటి పెద్ద కాలర్లు. అందుకని రెండు చుట్ల లావు ముడి. ఎర్ర కోటు, తెల్ల ప్యాంటు, మెరూన్ టై వేసుకుని నగరం నలుమూలలా ఎన్ని వందల బరాత్ ఊరేగింపుల ముందు నడిచాడో లెక్క లేదు. పెళ్లికొడుకుకన్నా బ్యాండోడే బాగున్నాడని ఆడపిల్లలు నవ్వుకునేవాళ్లు. పాట అయిపోయాక మాత్రం బ్యాండువాళ్ల విస్తళ్లు పందిరి బయట, జనరేటరు పక్కన పడేవి. మీరెవరని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడగకుండానే తెలిసినట్టు అన్నం పైనుంచి వదిలేవాళ్లు. టైకి పప్పు మరక పడకుండా దాన్ని భుజం మీదికి వేసుకుని తినడం కూడా ఒక విద్యే అంటాడు బాలనర్సయ్య.

తర్వాత లారీల మీద డీజే పెట్టెలు వచ్చాయి. పదిమంది ఊపిరి చేసే పని ఒక మీట చేసింది. బ్యాండు విడిపోయింది. అయినా చిన్నాచితకా గుడి ఊరేగింపులకు పిలుపులు వచ్చేవి. ఆ తర్వాత అతని ముందుపళ్లు రెండు ఊడాయి. క్లారినెట్‌ను పై పళ్లతో పట్టి ఉంచాలి. పన్ను లేకపోతే నోట్లో అది నిలవదు, గాలి పక్కలనుంచి పోతుంది. ఆ రోజు అతను క్లారినెట్‌ను మూటగట్టి అటక మీద పెట్టి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎనిమిది నెలలు. తినమంటే తినేవాడు, లేవమంటే లేచేవాడు కాదు.

ఇల్లు నడవాలి గనక కిష్టమ్మ గార్డు నౌకరిలో చేరింది. ఏజెన్సీ వాళ్లు ముందే ముడి వేసి అతికించిన నల్ల జిప్పు టై ఇచ్చారు. వారం తిరక్కుండా జిప్పు ఊడిపోయింది. అది చేతిలో పట్టుకుని ఆమె గదిలో పిన్నీసు కోసం వెతుక్కుంటుంటే, మంచం మీదినుంచి ఒక మాట వినపడింది.

“గట్లనా పోతవ్? ఆగు.”

బాలనర్సయ్య లేచి, పెట్టె తెరిచి, మెరూన్ టై తీశాడు. అప్పటినుంచి మూడేళ్లుగా రోజూ లేస్తూనే ఉన్నాడు. లేచినవాడు ఊరికే ఉండడు గదా. టీ పెట్టాడు. గడ్డం గీసుకున్నాడు. సందు చివర ఇస్త్రీ బండి రుక్కమ్మకు బొగ్గులు రాజేసి ఇచ్చి, ఆమె ఇచ్చే పాత పేపరు చదవడం అలవాటు చేసుకున్నాడు. ఇదంతా పొద్దుటి ముడితో మొదలైందని కిష్టమ్మకు తెలుసు. ముడి లేని రోజు మళ్లీ మంచమే అని కూడా తెలుసు. ఆదివారం సెలవైతే ఆ మనిషి మధ్యాహ్నం దాకా ఎలా పడుకునేవాడో ఆమె చూస్తూనే ఉండేది.

పాత టైని కొత్త చొక్కా మీదికి తేవడం అంత సులువేమీ కాలేదు. మొదటి రోజు పాత అలవాటు కొద్దీ రెండు చుట్ల ముడి వేస్తే, చిన్న కాలరులోంచి అది బత్తాయిపండులా పొడుచుకొచ్చింది. బాలనర్సయ్య నాలుగు రోజులు తంటాలు పడి ఒక్క చుట్టు ముడికి దిగాడు. కిష్టమ్మ పొట్టి గనక టై కొన బెల్టు దాటి కిందికి వేలాడేది. ముడిని పైకి జరిపి వేసి, వెనక మిగిలిన పొడుగు తోకను చొక్కా మూడో గుండీ సందులోంచి లోపలికి దూర్చాడు. ముడి కింద బొటనవేలితో నొక్కి చిన్న గుంట పెట్టేవాడు. “గా గుంట లేకుంటే అది టై గాదు, పట్టీ” అనేవాడు. సాయంత్రం ఆమె వచ్చాక తనే విప్పేవాడు. ముడితోనే మేకుకు తగిలిస్తే గుడ్డ చస్తుందట. వేళ్ల మధ్యనుంచి ఒకసారి మొత్తం లాగి చూసి, చుట్టి, డబ్బాలో పెట్టేవాడు.

ఆ టై మీద మొదట కన్ను పడింది ఉదయ్ భాస్కర్‌కు. ఏడో అంతస్తులో పనిచేసే ఏలూరు కుర్రవాడు. ఒకరోజు తెర పక్కనున్న తనిఖీ మిషన్‌లో బ్యాగు పెట్టి అక్కడే ఆగిపోయాడు.

“కిష్టమ్మ గారూ, ఏమనుకోరుగా? ఈ టై ఎక్కడ కొన్నారండి?”

“కొనలే సారు. మా ఇంటాయనది. బ్యాండుల కట్టుకునేటోడు.”

“ఇలాంటివాటిని వింటేజ్ అని చెప్పి వేలకు వేలు అమ్ముతున్నారండి ఇప్పుడు. మా నాన్నగారివి రెండున్నాయి. మెడికల్ రెప్పుగా చేసేవారు. వాటిని నా చొక్కాల మీద కట్టుకుంటే మెడలో తువ్వాలు వేసుకున్నట్టు ఉంటోందండి.”

కిష్టమ్మ అతని చొక్కా కాలరు వంక చూసింది. మూడేళ్లు రోజూ వింటే ఎవరికైనా ఆ విద్య కొంత వంటబడుతుంది.

“మీ అంగి కాలరు చిన్నగున్నది. పెద్ద ముడెయ్యకున్రి, ఒక్క సుట్టు చాలు. టై చారలదైతే అంగి సాదాది ఉండాలె. మీద కోటు తొడిగితే గుండీ పెట్టుకోన్రి, వెడల్పంత అండ్ల దాగుతది. సన్న కోటు అయితే వద్దు, జర వదులుది సూడున్రి.”

ఉదయ్ భాస్కర్ నోరు తెరిచి విన్నాడు. వారం తర్వాత స్నేహితుడి రిసెప్షన్‌కు వాళ్ల నాన్న టై అలాగే కట్టుకుని వెళ్లి వచ్చి, సోమవారం పొద్దున గేటు దగ్గర దండం పెట్టినంత పని చేశాడు. “అందరూ అడిగారండి! మీ ఫొటో ఒకటి తీసుకోనా?” అన్నాడు. కిష్టమ్మ టై సర్దుకుని, పళ్లు కనపడకుండా నవ్వింది.

ఆ ఫొటోను అతను ఆఫీసు గ్రూపులో పెట్టాడు. మూడు వందలమంది మెచ్చుకున్నారు. బిల్డింగు చూసుకునే వాళ్లెవరో మీ గార్డు భలే ఉందంటూ దాన్ని ఏజెన్సీకి పంపారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. అయినా మూడోనాడు పొద్దున ఏజెన్సీ ఫీల్డ్ ఆఫీసర్ రవీందర్ బండి దిగి, కిష్టమ్మను పక్కకు పిలిచాడు.

“అక్కా, హెడ్డాఫీసుల పెద్దసారు నీ ఫొటో సూసిండు.”

“మంచిగున్నదన్నడా?”

“యూనిఫారం ఏదీ అన్నడు.” కవరులోంచి కొత్త జిప్పు టై తీసి ఇచ్చాడు. “రేపటి సంది ఇదే తొడగాలె.”

“నీకు మూడేండ్ల సంది కనవడలేదా తమ్మీ నా మెడ?”

“కనవడ్డది. నేనేమన్నన్నా? ఇప్పుడు పైనోళ్లకు కనవడ్డది. తొడగకుంటే నిన్ను పటాన్‌చెరు గోదాముకు ఏస్తమంటున్నరు. నా చేతుల ఏం లేదక్కా.”

పటాన్‌చెరు అంటే ఇంట్లోంచి నాలుగింటికే బయల్దేరాలి. కిష్టమ్మ కవరు తీసుకుంది. పన్నెండు గంటలు నిలబెట్టినా తప్పులేదు, కాలికి పట్టని బూట్లు వేయించినా తప్పులేదు, సొంత డబ్బాలోంచి తెచ్చుకున్న ఒక్క పాత గుడ్డముక్క తప్పయింది. ఈ మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగింది. ఎదురు చెప్పి నౌకరి పోతే కిరాయి ఎవరు కడతారు?

ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆయన మళ్లీ గోడవైపు తిరుగుతాడు. అందుకని ఒక ఉపాయం పన్నింది. పొద్దున మామూలుగా ముడి వేయించుకునేది. మేడ చేరగానే కింది టాయిలెట్‌లో మెరూన్ టైని వదులు చేసి, ముడి విప్పకుండా తలమీదినుంచి తీసి, టిఫిన్ డబ్బా మీద జాగ్రత్తగా పరిచి, జిప్పు టై తొడుక్కునేది. సాయంత్రం మళ్లీ మెరూన్‌ది వేసుకుని ఇంటికి వచ్చేది. ఇలా పన్నెండు రోజులు.

పన్నెండోనాటి సాయంత్రం బాలనర్సయ్య ఆమె మెడలోంచి టై విప్పాడు. ఎప్పటిలా వేళ్ల మధ్యనుంచి లాగాడు. చుట్టలేదు. దాన్ని అలాగే పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

“ఎండ ఎట్లున్నది గేటుకాడ?”

“ఎట్లుంటది? మే నెల ఎండ. మాడిపోతున్నం.”

“చెమటలు పడుతున్నయా?”

“అంగి సూడరాదు, ఎట్ల తడిసిందో.”

“అంగి తడిసింది. టై తడవలే.” అతను ముడి ఉన్న చోటును వేలితో చూపించాడు. “పొద్దంత మెడకుంటే ముడి కుంగుతది. గుంట చెదురుతది. ఇప్పుడు విప్పేటప్పుడు సూసిన, నేను పెట్టిన గుంట పొద్దుగాల పెట్టినట్టే ఉన్నది. నాలుగో నాడే ఎర్కయింది నాకు. నువ్వే చెప్తవని సూస్తున్న.”

కిష్టమ్మ చెప్పింది. ఫొటో, రవీందర్, పటాన్‌చెరు, అన్నీ. అతను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

“నేను నీకోసం లేస్తున్న అనుకున్న కిష్టా. నువ్వు నాకోసం కట్టిచ్చుకుంటున్నవా?”

 టైని చుట్టి డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కి, అతను మంచమెక్కాడు.

మరునాడు లేవలేదు. ఆ మరునాడూ లేవలేదు. కిష్టమ్మ చీకట్లోనే టీ పెట్టుకుని, అతని గ్లాసు మీద మూత పెట్టి వెళ్లింది. సాయంత్రం వచ్చేసరికి మూత అలాగే ఉంది. గడ్డం పెరిగింది. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు రాజెయ్యడానికి బాలనర్సయ్య వస్తలేడేందని రుక్కమ్మ అడిగింది. కిష్టమ్మ ఒంట్లో బాగలేదని చెప్పి తప్పించుకుంది. ఒంట్లో బాగలేకపోతే దవాఖానకు తీసుకుపోవచ్చు. దీనికి ఏ దవాఖాన?

నాలుగో రోజు గేటు దగ్గరికి రవీందర్ రాగానే ఆమె అడ్డంగా నిలబడింది.

“తమ్మీ, జిప్పుది తొడగాలని ఏ కాయిదంల ఉన్నది? నాకు సూపియ్యి.”

“కాయిదం ఎందుకక్కా? నేను చెప్తున్న గద.”

“నువ్వు చెప్పుడు గాదు. రాసింది సూపియ్యి. అంగి మొగోళ్లది ఇచ్చిన్రు, తొడుక్కున్న. బూట్లు మొగోళ్లవి ఇచ్చిన్రు, గుడ్డ కుక్కుకోని తొడుక్కున్న. ఏదీ నా ఒంటికి పట్టలే, నోరు తెరవలే. ఇయ్యాల అడుగుతున్న. సూపియ్యి.”

రవీందర్ ఆమెను ఎప్పుడూ అలా చూడలేదు. ఫోను తీసి వెతికాడు. రూల్సు ఇంగ్లీషులో ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఉదయ్ భాస్కర్ లోపలికి వస్తూ ఆగాడు. సంగతి విని బ్యాగు కింద పెట్టేశాడు.

“ఇదంతా నా ఫొటో వల్లేనా? అయ్యో, సారీ అండి. నేను ఇప్పుడే హెచ్ఆర్‌కు పెద్ద మెయిల్ పెడతానండి.”

“వద్దు సారు! మీరు మంచికి ఫొటో పెడితే గిట్లయింది. మంచికి మెయిల్ పెడితే పటాన్‌చెరుకు పోత. గీ ఫోన్ల ఏం రాసున్నదో గది సదివి చెప్పున్రి, చాలు.”

ఉదయ్ భాస్కర్ చదివాడు. లేత నీలం చొక్కా, నల్ల బూట్లు, నల్ల టై. అంతే. జిప్పు సంగతి ఎక్కడా లేదు. ఏజెన్సీకి జిప్పుది చవగ్గా దొరికింది, అందుకని అదే రూలైపోయింది.

“నల్లగుంటే సాలు అన్నట్టేనా?” అంది కిష్టమ్మ.

రవీందర్ తల గోక్కున్నాడు. “నల్లగున్నదంటే పైనోళ్లు నన్నేమనరు. ముడి ఎవలేస్తరో నాకెందుకక్కా?”

మరునాడు ఉదయ్ భాస్కర్ తప్పు దిద్దుకున్నట్టుగా తన బీరువాలోంచి ఒక నల్ల టై తెచ్చి ఇచ్చాడు. రెండు వేళ్ల వెడల్పు, తళతళలాడే పాలిస్టర్. కిష్టమ్మ దాన్ని ఇంటికి తెచ్చి, మంచం మీద అతని చేతికి తగిలేలా పెట్టింది.

“ఏందిది?” అన్నాడు బాలనర్సయ్య, తల తిప్పకుండా వేళ్లతో తడిమి.

“టై. నల్లదైతే కట్టుకోవచ్చన్నరు.”

“ఇది టై గాదు. లాగు నాడ.” పక్కకు నెట్టాడు. “దీనికి ముడి నిలవదు. గుంట ఏడ పెట్టాలె దీంట్ల?”

మాట్లాడాడు గదా అని ఆమెకు ధైర్యం వచ్చింది. “అయితే పెట్టెల నల్లది ఉన్నది. అది తియ్యి.”

అతను దిగ్గున లేచి కూర్చున్నాడు.

బ్యాండువాళ్లకు రెండు టైలు ఉండేవి. మెరూన్‌ది పెళ్లిళ్లకు. నల్లది చావులకు. పెద్దవాళ్లు పోతే శవం ముందు బ్యాండు నడిచేది. అప్పుడు ఎర్ర కోటు ఉండదు, తెల్ల చొక్కా మీద నల్ల టై. ఇంటికి రాగానే దాన్ని గుమ్మం బయటే విప్పి, వేరే గుడ్డలో చుట్టి, పెట్టె అడుగున పెట్టేవాళ్లు. దాన్ని మెరూన్‌దానితో కలిపి కూడా పెట్టరు.

“పిచ్చి లేసిందానే నీకు? పీనుగుల ముంగట కట్టింది తెచ్చి నీ మెడకు కడ్తనా? పుస్తె ఉన్న మెడకు?”

“పుస్తె లోపటుంటది. టై మీదుంటది. రెండిటికి లడాయి లేదు.”

“నోరు ముయ్యి. ఆ ముచ్చట తియ్యకు.”

కిష్టమ్మ బూట్లు విప్పుకోకుండానే నేల మీద కూర్చుంది. కాళ్లు వాచి ఉన్నాయి. వాటినే చూసుకుంటూ అడిగింది.

“ఒకటి అడుగుత, చెప్తవా? పెండ్లిండ్లల్ల మెరూన్‌ది కట్టినవ్. ఒక్కనాడన్న పందిట్లకు రానిచ్చిన్రా నిన్ను?”

అతను పక్కకు నెట్టిన పాలిస్టర్ టైని వేలికి చుట్టాడు, విప్పాడు.

“బయట నిలవడి ఊదినవ్. బయట కూసోని తిన్నవ్. చావులల్ల నల్లది కట్టినవ్. అప్పుడు ఏడ నడిచినవ్?”

“ముంగట.”

“నీ ఎనక ఎవలున్నరు?”

బాలనర్సయ్య నడుము నిటారుగా చేసుకున్నాడు. “అందరు. పటేండ్లు, సేట్లు... నార్సింగి పెద్ద పటేలు పోయిననాడు ఆయన కొడుకులు నలుగురు చెప్పులు లేకుంట నా ఎనక నడిచిన్రు. నేను ఆగితే ఆగిన్రు. నేను కదిల్తె కదిలిన్రు.”

“మరి ఏ టైకి ఇజ్జత్ ఉన్నదో నువ్వే చెప్పు. మెరూన్‌ది కట్టుకుంటే ఫొటో తీసిన్రు, గోదాముకు ఏస్తమన్నరు. నాకు ఇజ్జత్‌ది గావాలె. కడితే నువ్వే కట్టాలె. నాకోసమే అనుకో, నీకోసమే అనుకో, నాకు ఫరక్ లేదు. నాకు ఆ గుంట లేకుంటే గేటుకాడ నిలవడ బుద్ధయితలేదు.”

 ఆ మాటలో అబద్ధం లేదు. జిప్పు టై తొడుక్కున్న ఈ రోజుల్లో, బ్యాగులు తెరిచి చూపించే ఆడపిల్లలు తన వైపు చూడకుండా పోవడం ఆమె గమనించింది. ఇంతకుముందు చూసేవాళ్లు, నవ్వేవాళ్లు, అమ్మా అని పిలిచేవాళ్లు. ఒక గుడ్డముక్క పోగానే తను కూడా గేటులో ఒక కడ్డీ అయిపోయింది.

 ఆ రాత్రి బాలనర్సయ్య అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు.

పొద్దున ఆమెకు మెలకువ వచ్చేసరికి స్టవ్ వెలుగుతోంది. మంచం ఖాళీగా ఉంది. బాలనర్సయ్య గిన్నెలో మరిగే నీళ్ల మీద ఒక నల్లటి టైని రెండు చేతులా సాగదీసి పట్టుకుని ఆవిరి పట్టిస్తున్నాడు. పదిహేనేళ్లుగా పెట్టె అడుగున మడతపడిన గుడ్డ. మడత దగ్గర తెల్లటి గీత.

“ఇస్త్రీ ఏస్తే తళతళ వచ్చి పాడైతది” అన్నాడు, ఎవరో అడిగినట్టు. “ఆవిరే పట్టాలె. గీ గీత ముడి లోపటికి పోయేటట్టు ఏస్త.”

కిష్టమ్మ గబగబా తయారైంది. అతను కాలరెత్తి టై వేశాడు. మెరూన్‌దానికన్నా ఇది పలచన, పొడుగు. ముడి ఎక్కడ మొదలుపెట్టాలో చేతికి అందలేదు. కట్టాడు, విప్పాడు. మళ్లీ కట్టాడు. గీత బయటికి కనపడింది. విప్పాడు. మూడో ముడి కుదిరిందనుకుంటే కొన బెల్టు దాటింది.

“టైమైతున్నదయ్యా!”

“కానియ్యి.”

“కానిస్తే బస్సు ఉండదు.” ఆమె సంచి తీసుకుని, నాలుగో ముడితో బయటపడింది. సందు దాటి రోడ్డు మీద బస్టాపుకు చేరి, ఊపిరి పీల్చుకుంటూ వెనక్కి చూస్తే, బనీను మీద తువ్వాలు కప్పుకుని, ఆరు రోజుల గడ్డంతో బాలనర్సయ్య అక్కడికే వస్తున్నాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

“ఏమైంది? ఏమన్న మర్చిపోయిన్నా?”

“గుంట పక్కకు పోయింది. నువ్వు నడుస్తుంటే ఎనకనుంచి సూసిన. భుజం వంకర గుంజుతున్నది.”

“ఎనకనుంచి గుంట కనవడ్డదా నీకు?”

“నాకు కనవడుతది.”

బస్టాపులో పదిమంది ఉన్నారు. చెవుల్లో వైర్లు పెట్టుకున్న ఆఫీసు పిల్లలు, ఇళ్లలో పనులకు పోయే ఆడవాళ్లు. అందరి ముందే అతను ఆమె కాలరు ఎత్తి, ముడి పూర్తిగా విప్పేశాడు. ఆఫీసు పిల్ల ఒకతె చెవిలోంచి వైరు తీసి చూస్తోంది. కిష్టమ్మకు నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి. తల దించబోతే అతని చెయ్యి గడ్డం కింద అడ్డం ఉంది.

మూలమలుపు దగ్గర బస్సు హారన్ వినపడింది.

“వస్తున్నది, జల్ది కానియ్యి.”

బాలనర్సయ్య నల్ల టై ఒక చుట్టు తిప్పి, గీత ముడిలోకి పోయిందో లేదో వంగి చూశాడు. కొన బెల్టు మీదికి సరిగ్గా దిగింది. ముడిని కాలరు దాకా జరిపి, కింద బొటనవేలు నొక్కాడు. బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. కండక్టరమ్మ తలుపులోంచి తొంగి చూసి, “ఎక్కుతవా అమ్మా, ఎక్కవా?” అని కేకేసింది.

“జర ఆగు బిడ్డా” అన్నాడు బాలనర్సయ్య, వేలు తియ్యకుండా. “అయిపాయె.”